ఆర్‌బీ67 వేసుకుని పాలమూరు, నల్గొండ తిరగాలంటే ఏది మేలు: బస్సా, బండా, కారా?

మామియా ఆర్‌బీ67 లాంటి పెద్ద ఫిల్మ్ కెమెరా కొన్నవాళ్లు ముందుగా అడిగేది లెన్సుల గురించి. దాన్ని ఊళ్లకు ఎట్లా మోసుకుపోవాలన్నది ఎవరూ అడగరు. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది అదే. 1970లో వచ్చిన ఈ కెమెరా స్టూడియోల్లో ఎక్కువగా నడిచింది. 90 ఎంఎం లెన్సు, వెనక ఫిల్మ్ ఉండే డబ్బా (ఫిల్మ్ బ్యాక్) తగిలిస్తే రెండున్నర కిలోలు దాటుతుంది. ఇంకో లెన్సు, ఇంకో బ్యాక్, లైట్ మీటర్, ట్రైపాడ్, నీళ్ల బాటిల్ కలిస్తే ఏడెనిమిది కిలోలు తప్పవు. దీనికి వాడే 120 సైజు ఫిల్మ్ రోల్‌కు వచ్చేవి పదే ఫ్రేములు కాబట్టి రోల్స్ కూడా నాలుగు ఎక్కువే పెట్టుకోవాలి. ఇంత సామానుతో హైదరాబాద్ నుంచి బయల్దేరేవాళ్లకు నా సలహా బస్సు.

చాలామంది బండి మీద పోదామంటారు. కోయిల్‌కొండ కోట కింది దాకా, దేవరకొండ గుట్టల దాకా నేరుగా పోవచ్చు, వెలుగు బాగున్న చోటల్లా ఆగొచ్చు, నిజమే. కానీ గంటల తరబడి ఇంజిన్ అదురు, రోడ్డు గతుకులు కలిస్తే లెన్సులోని సన్న స్క్రూలు వదులైపోతాయి. ఆర్‌బీకి షట్టర్, అంటే వెలుగును క్షణం సేపు లోపలికి వదిలే రెక్కలు, కూడా లెన్సులోనే ఉంటుంది, అక్కడ పాడైతే బాగుచేసేవాళ్లు దొరకడం కష్టం. క్యారియర్‌కు కట్టినా, ట్యాంకు మీద పెట్టినా అదురంతా కెమెరాకే తగులుతుంది. వీపున వేసుకుంటే కొంత నయం గానీ, రెండు గంటలకు భుజాలు పట్టేస్తాయి. పైగా మట్టి రోడ్డు దుమ్ము జిప్పుల సందుల్లోంచి బ్యాగులోకి దూరుతుంది. ఫిల్మ్ మీద కూర్చున్న ఒక్క రేణువు ప్రింటులో నల్ల చుక్కై తేలుతుంది. బండి మీదే పోవాలనుకుంటే ఆర్‌బీని ఇంట్లో పెట్టి యాషికా మ్యాట్ 124జీ అనే చిన్న ఫిల్మ్ కెమెరా తీసుకెళ్లండి. కిలో పైచిలుకు బరువు, మార్చాల్సిన లెన్సు లేదు, 6x6 సెంటీమీటర్ల చదరపు ఫ్రేములు రోల్‌కు పన్నెండు. భువనగిరి ఏకశిల కోట ఎక్కేవాళ్లకు కూడా అదే చెప్తాను. ఆ నున్నటి రాతి మీద కమ్మీ పట్టుకోవడానికి ఒక చెయ్యి ఖాళీగా ఉండాలి.

కారుతో సుఖమే. సామాను ఎంతైనా పడుతుంది, ట్రైపాడ్ బాధ లేదు. అమ్రాబాద్ అడవి దారిలో పోయేటప్పుడు, ఒకే రోజు మన్ననూరు, ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం చూడాలనుకుంటే కారు తప్ప వేరే ఆలోచన వద్దు. శ్రీశైలం రోడ్డులో అడవి చెక్‌పోస్టు దగ్గర రాత్రిపూట వాహనాలను ఆపేస్తారు, చీకటి పడకముందే బయటపడేలా చూసుకోవాలి. సోమశిలలో పడవ ఎక్కేవాళ్లు నీళ్లు దూరని గట్టి ప్లాస్టిక్ పెట్టె తెచ్చుకోవాలన్నా కారే దిక్కు, ఆ పెట్టెను బస్సులో ఒళ్లో పెట్టుకోలేం.

కారుతో భయం ఎండది. మార్చి దాటితే నల్గొండ ఎండ సంగతి తెలిసిందే. నీడ లేని చోట అద్దాలు మూసి ఆపిన కారులోపలి వేడి, బయటి వేడి కన్నా చాలా ఎక్కువ. ఆ వేడికి కలర్ ఫిల్మ్ రంగులు మారతాయి. అంతకన్నా పెద్ద నష్టం లెన్సుకు: లోపలి గ్రీజు కరిగి మెల్లగా షట్టర్ రెక్కల మీదికి పాకుతుంది. లెన్సు ముందు నుంచి టార్చి వేసి చూస్తే రెక్కల మీద నూనె మెరుపు కనబడుతుంది. అట్లాంటి షట్టర్ సెకనులో 250వ వంతుకు పెట్టినా నెమ్మదిగా తెరుచుకుంటుంది, ఫొటోలన్నీ తెల్లగా పేలిపోతాయి. అందుకే భోజనానికి ఆగినా బ్యాగు మనతో హోటల్లోకి రావాల్సిందే. ఫిల్మును థర్మాకోల్ డబ్బాలో పెట్టండి, ఐసు మాత్రం వద్దు, చెమ్మ దిగుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన రోల్ కవరు గంటసేపైనా ఆగి విప్పాలి.

ఇక బస్సు. హైదరాబాద్ పెద్ద బస్టాండు ఎంజీబీఎస్ నుంచే ఎక్కండి. మహబూబ్‌నగర్ బస్సుకు ఆరాంఘర్లో, నల్గొండ బస్సుకు ఎల్బీనగర్లో నిలబడితే సీటు దొరకదు. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చినప్పటి నుంచి ఎక్స్‌ప్రెస్‌లు, పల్లెవెలుగులు నిండుగా నడుస్తున్నాయి, ఆదివారం సాయంత్రాలైతే మరీ. సీటు బస్సు నడుమ చూసుకోవాలి. వెనక చక్రం మీది సీట్లో ప్రతి గతుకూ వెన్నులో తెలుస్తుంది. బ్యాగు ఒళ్లోనే ఉండాలి, పైన అరలో వద్దు. మన తొడలు, పొట్ట కాచినంతగా ఏ స్పంజీ కాయదు. పక్క భుజానికి వేలాడే కెమెరా బ్యాగు కన్నా కాలేజీ పిల్లలు వేసుకునే మామూలు బ్యాక్‌ప్యాక్ నయం, లోపల మెత్తటి అరలు పెట్టుకుంటే చాలు. ఎవరి కన్నూ పడదు, బరువు రెండు భుజాలకూ పంచుకుంటుంది.

నేను బస్సు వైపు మొగ్గడానికి ఇంకో కారణం ఉంది, నాకు అదే ముఖ్యం. ఆర్‌బీ మనుషుల మొహాలు తీసే కెమెరా. పల్లెవెలుగు మనల్ని ఊరి నడుమ, హోటల్ ముందు, మర్రిచెట్టు కింద దింపుతుంది. ఒళ్లో బ్యాగు తెరిచి కెమెరా పైమూత ఎత్తగానే పక్కాయన తొంగి చూస్తాడు, "గిదేం డబ్బా తమ్మీ?" అంటాడు. కింద బొమ్మ పడే గరుకు అద్దంలో (గ్రౌండ్ గ్లాసు) కిటికీ, కండక్టరు, ముందు సీటు అమ్మ చేతిలోని పూలబుట్ట కనిపిస్తాయి, కుడిఎడమలు తారుమారై. "అరే, ఉల్టా కొడుతుందే!" అంటూ నవ్వుతాడు. "కాకా, ఊరు దిగినాక మీదొకటి తీయాల్నా?" అంటే కాదనడు. ఏసీ కారు దిగి ట్రైపాడ్ పాతినవాడికి ఇంత తొందరగా మనిషి దగ్గరవ్వడు.

గద్వాల, అలంపురం వైపు మాత్రం బస్సు కన్నా రైలు మంచిది. కాచిగూడ నుంచి కర్నూలు పోయే బండ్లు మహబూబ్‌నగర్, గద్వాల మీదుగానే పోతాయి, కుదుపు తక్కువ. హైవే మీద బస్సులో పోతే అలంపూర్ చౌరస్తాలో దిగి ఆటో పట్టాలి.

అలంపురం నవబ్రహ్మ ఆలయాలు కేంద్ర పురావస్తు శాఖ చేతిలో ఉన్నాయి, అనుమతి లేనిదే ట్రైపాడ్ నిలపనివ్వరు. అక్కడికి అనుమతి ముందే తీసుకోకపోతే ట్రైపాడ్ ఇంట్లో పెట్టి తక్కువ వెలుతురుకూ పనికొచ్చే 400 ఐఎస్‌ఓ ఫిల్మ్ తీసుకెళ్లండి, బయటి శిల్పాలకు చేతిలో పట్టుకునే తీయొచ్చు. పానగల్లు ఛాయా సోమేశ్వరంలో గర్భగుడిలో పడే నీడ తీయాలంటే ట్రైపాడ్ లేకుండా కుదరదు, లోపల వెలుతురు తక్కువ. నల్గొండ బస్టాండ్ నుంచి ఆటోలో దగ్గరే కాబట్టి ట్రైపాడ్ మోసినా భారమనిపించదు. పూజారిని అడిగి, జనం లేని వేళ చూసి నిలబెట్టుకోండి.