కీపాస్‌ఎక్స్‌సీ: కొన్నేళ్ల వాడకం తర్వాత, బ్రాడీపేట టీ కొట్టు వాదనలతో కలిపి

"తాళాలన్నీ ఒకే పెట్టెలో పెట్టావ్, ఆ పెట్టే ఎత్తుకుపోతే?" పాస్‌వర్డ్ మేనేజర్ మాట ఎత్తగానే గుంటూరులో నన్ను ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఇదే. అడగాల్సిన ప్రశ్నే. పాస్‌వర్డ్‌లన్నీ ఒకేచోట దాచిపెట్టే ప్రోగ్రామునే పాస్‌వర్డ్ మేనేజర్ అంటారు. అలాంటిదే కీపాస్‌ఎక్స్‌సీ, కరోనా రెండో వేవ్ రోజుల నుంచి వాడుతున్నాను. ఇన్నేళ్లలో ఈ ప్రశ్నకు నా దగ్గర ఓ జవాబు తయారైంది. దానికంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి వాడకంలో తెలిసింది, అది కింద చెబుతాను.

నేను చేసేది జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ పని. మిర్చి కమీషన్ షాపులు, బట్టల కొట్లు, మందుల ఏజెన్సీలు, వీళ్లందరి రిటర్నులూ నా చేతి మీదుగా వెళ్తాయి. ఒక్కో పార్టీకి జీఎస్టీ పోర్టల్, ఈ-వే బిల్లు, ఇన్‌కమ్ ట్యాక్స్, టీడీఎస్, ఈమెయిల్, అన్నిటికీ విడివిడిగా లాగిన్లు. మా పనిలో ఆనవాయితీ ఏంటంటే ఇవన్నీ ఒక పొడుగు నోటు పుస్తకంలోనో, డెస్క్‌టాప్ మీదున్న ఎక్సెల్ షీటులోనో ఉంటాయి. పాస్‌వర్డ్ కూడా ఒకటే అచ్చు: షాపు పేరు, ఎట్ గుర్తు, 123. ఒక్కరిది తెలిస్తే వీధిలో సగం మందివి తెలిసినట్టే. ఇది మన ఊరి జాడ్యమే కాదు. 2009లో రాక్‌యూ అనే కంపెనీ నుంచి 3 కోట్లకు పైగా పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయి. వాటిలో అందరికంటే ఎక్కువమంది పెట్టుకున్నది 123456.

కీపాస్‌ఎక్స్‌సీ పూర్తిగా ఉచితం. ఖాతా తెరవక్కర్లేదు, ఏ కంపెనీ సర్వర్లోనూ మన సరుకు ఉండదు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. మన పాస్‌వర్డ్‌లన్నీ ఒకే ఒక్క ఫైలులో, గుప్తలిపిలో ఉంటాయి. ఆ ఫైలు తెరవడానికి ఒక మాస్టర్ పాస్‌వర్డ్. అది కొట్టగానే ఫైలు వెంటనే తెరుచుకోదు, సుమారు ఒక సెకను ఆగుతుంది. మొదట్లో ఇది కంప్యూటర్ పాతబడటం వల్లనుకునేవాళ్లున్నారు. కాదు, అది కావాలని పెట్టిందే. ఆర్గాన్2 అనే పద్ధతి ప్రతి ప్రయత్నానికీ కొంత సమయాన్నీ, కొంత మెమరీనీ బలవంతంగా ఖర్చు పెట్టిస్తుంది. మనకు రోజుకు నాలుగుసార్లు ఒక సెకను పోతే నష్టం లేదు. ఫైలు ఎత్తుకుపోయి కోట్లకొద్దీ పాస్‌వర్డ్‌లు ప్రయత్నించేవాడికి ఆ ఖర్చే అడ్డుగోడ.

సాయంత్రం ఆఫీసు కట్టేశాక టీ కొట్టు దగ్గర మా నలుగురికీ టెక్నాలజీ వార్తలే కాలక్షేపం. ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్ గారు, సెల్ షాపు తమ్ముడు, యార్డులో గుమాస్తాగా చేసే మా బావ, నేను. ఎక్కడ ఏ కంపెనీలో దొంగలు పడ్డా ఆ రోజు నా వంతు.

2022 డిసెంబరులో లాస్ట్‌పాస్ అనే పాస్‌వర్డ్ మేనేజర్ కంపెనీలో దొంగలు పడ్డ వార్త వచ్చినప్పుడు తమ్ముడు దూరం నుంచే కేకేశాడు: "అన్నా, మీ డబ్బా పగిలిందంట!" నవ్వులయ్యాక అసలు వాదన మొదలైంది. అక్కడ జరిగింది చిన్న దొంగతనం కాదు. ఖాతాదారుల వాల్టుల, అంటే పాస్‌వర్డ్ పెట్టెల, బ్యాకప్ కాపీలే పోయాయి. పాస్‌వర్డ్‌లు గుప్తలిపిలోనే ఉన్నా, ఎవరికి ఏ సైట్లలో ఖాతాలున్నాయో చెప్పే అడ్రసులు మాత్రం మామూలుగానే ఉన్నాయి. ఒక ఇంజనీరు ఇంటి కంప్యూటర్లో ఉన్న పాత మీడియా సాఫ్ట్‌వేర్ గుండా దొంగలు లోపలికొచ్చారని తర్వాత కంపెనీయే చెప్పింది. "అందుకేనండీ నేను ఫైలు నా దగ్గరే పెట్టుకునేది" అన్నాను. లెక్చరర్ గారు టీ గ్లాసు కింద పెట్టి, "వాళ్ల దగ్గర ఇంతమంది ఇంజనీర్లుండి కాపాడలేకపోయారు. నీ ఆఫీసు కంప్యూటర్‌కి కాపలా ఎవరయ్యా?" అన్నారు.

ఆయన మాట నూటికి నూరుపాళ్లూ నిజం. కంప్యూటర్లోనే దొంగ సాఫ్ట్‌వేర్ కూర్చుంటే, మనం మాస్టర్ పాస్‌వర్డ్ కొట్టేటప్పుడే వాడికి అందుతుంది. ఏ మేనేజరూ అక్కడ కాపాడలేదు. అందుకే ఆ ఫైలు తెరిచే కంప్యూటర్లో క్రాక్ చేసిన అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఉండకూడదని, విండోస్ అప్‌డేట్లు వాయిదా వేయకూడదని నేను గట్టిగా చెబుతాను. మా వృత్తిలో క్రాక్ సాఫ్ట్‌వేర్ మీద ఉన్న మోజు పోనంతకాలం ఎన్ని పెట్టెలు పెట్టుకున్నా దండగే.

ఆర్నెల్లు తిరక్కుండానే 2023 మేలో కీపాస్ పేరే వార్తల్లోకొచ్చింది. కంప్యూటర్ మెమరీ కాపీ చేతికి చిక్కితే, మాస్టర్ పాస్‌వర్డులో మొదటి అక్షరం తప్ప మిగతాదంతా తిరిగి కూర్చుకోవచ్చని ఒకరు చేసి చూపించారు. ఆ సాయంత్రం టీ డబ్బులు నాతోనే కట్టించారు. విషయం ఏంటంటే కీపాస్ వేరు, కీపాస్‌ఎక్స్‌సీ వేరు. ఫైలు రకం ఒకటే, ప్రోగ్రాములు వేరు, రాసినవాళ్లు వేరు. ఆ లోపం కీపాస్‌లో పాస్‌వర్డ్ కొట్టే గడి పనిచేసే తీరులో ఉంది. దాన్ని 2.54 వెర్షన్‌లో సరిచేశారు. కీపాస్‌ఎక్స్‌సీకి అది తగల్లేదు. అయినా పేర్లు ఇంత దగ్గరగా ఉండటం కొత్తవాళ్లకు ఇబ్బందే. అదే ఏడు అక్టోబరులో దొంగలు ఇంకో ఎత్తు ఎత్తారు. కీపాస్ అని గూగుల్లో వెతికితే పైన వచ్చే ప్రకటనలో నకిలీ సైటు పెట్టారు. అడ్రసులో కే అక్షరం కింద చిన్న గుర్తు, అంతే తేడా. చూస్తే తెర మీద ధూళి కణం అనుకుంటాం. అందుకే దీన్ని దించుకునేటప్పుడు వెతకొద్దు. కీపాస్‌ఎక్స్‌సీ డాట్ ఆర్గ్ అని చేత్తో కొట్టండి.

ఇంతకీ నాకు తెలిసిన ముఖ్యమైన సంగతి ఇదే: అడ్రసు. మా వాదనలన్నీ పెట్టె పగులుతుందా లేదా అన్నదాని చుట్టూనే తిరిగేవి. వాడుతూ వాడుతూ తెలిసిందేంటంటే, రోజూ నన్ను కాపాడుతున్నది పెట్టె గట్టిదనం కాదు. దీనికి బ్రౌజర్లో తగిలించుకునే చిన్న ప్రోగ్రాము, ఎక్స్‌టెన్షన్, ఒకటి ఉంది. మనం తెరిచిన పేజీ అడ్రసులోని సైటు పేరునీ, ఫైలులో రాసిపెట్టుకున్న అడ్రసులోని సైటు పేరునీ పోల్చి, సరిపోతేనే పాస్‌వర్డ్ ఇస్తుంది. మనిషి పేజీ ముఖం చూస్తాడు. ఇది అడ్రసు చూస్తుంది.

ఇది పెట్టిన కొత్తలోనే, 2021 జూన్‌లో ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ల కొత్త పోర్టల్ వచ్చింది. పాత అడ్రసు పోయి కొత్త అడ్రసు. ఆ ఉదయం ఒక్క పార్టీ పాస్‌వర్డూ పడలేదు. ప్రభుత్వ ప్రకటన చూసి, కొత్త అడ్రసు సరైనదేనని రూఢి చేసుకుని, ఒక్కొక్కరి పద్దులో అది చేర్చుకుంటూ వచ్చాను. విసుగు పనే. కానీ ఇది ముఖం చూసి మోసపోయే రకం కాదని ఆ రోజే నమ్మకం కుదిరింది.

ఆ నమ్మకం ఒక మార్చి నెలాఖరున అక్కరకొచ్చింది. మందుల ఏజెన్సీ ఆయన ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చారు, "రిఫండ్ వచ్చిందంటండీ, లింకు పంపారు, లాగిన్ అవ్వమంటోంది" అని. మెయిల్‌ని నా కంప్యూటర్‌కి పంపించుకుని చూశాను. పేజీ అచ్చంగా అదే. నాలుగు సింహాల బొమ్మ, ఆ నీలం రంగు, కింద హెల్ప్‌డెస్క్ నంబర్లతో సహా. కానీ యూజర్ ఐడీ గడి పక్కన రోజూ పచ్చగా వెలిగే చిన్న గుర్తు వెలగలేదు. పైన అడ్రసు చూస్తే మొదట్లో ఇన్‌కమ్ ట్యాక్స్ అనే ఉంది, చివర మాత్రం ప్రభుత్వ సైట్లకుండే గవ్ డాట్ ఇన్ లేదు. ఆయన తొందరపెడుతూనే ఉన్నారు: "పుస్తకంలో రాసుకున్నది ఉంది కదండీ, కొట్టేయండి." పుస్తకం ఉన్న రోజులైతే ఎవరో ఒకరు కొట్టేసేవారే. ఇప్పుడు ఆ పాస్‌వర్డ్ ఆయనకూ గుర్తులేదు, నాకూ గుర్తులేదు. గుర్తులేనిదాన్ని ఎవరూ మన నోటి నుంచి రాబట్టలేరు.

మాస్టర్ పాస్‌వర్డ్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, మిగతా అంతా దాని మీదే నిలబడుతుంది కాబట్టి. పాచికలు వేసి మాటలు ఎంచుకునే పద్ధతి ఒకటుంది, డైస్‌వేర్ అంటారు. 1995లో ఆర్నాల్డ్ రీన్‌హోల్డ్ చెప్పింది. 7,776 మాటల జాబితా, ఐదుసార్లు పాచిక వేస్తే ఒక మాట వస్తుంది. అలా ఆరు మాటలు. నేను మా అమ్మాయితో కూర్చుని, వైకుంఠపాళి పాచికతో, తెలుగు మాటలతో సొంత జాబితా చేసుకున్నాను. నాలుగుసార్లు వేస్తే ఒక మాట వచ్చేలా 1,296 మాటలు. జాబితా చిన్నది కాబట్టి మాటలు ఏడు చేశాను. ఇంగ్లిషు అక్షరాల్లో రాసేటప్పుడే చిక్కొచ్చింది. గోంగూరకి ఓ ఎన్ని, యూ ఎన్ని? ఒక్కో రోజు ఒక్కోలా రాస్తే ఫైలు తెరుచుకోదు. కాబట్టి దీర్ఘాలున్న మాటలన్నీ తీసేసి, ఒకే రకంగా రాయగలిగినవే ఉంచాం.

సెల్ షాపు తమ్ముడి వాదన: "తెలుగు మాటలు ఎవడు కనిపెడతాడన్నా, సినిమా డైలాగు పెట్టేయ్." లెక్చరర్ గారూ నేనూ ఒకే పక్షాన నిలబడ్డ సందర్భం ఇదొక్కటే. బలం భాషలో లేదు, పాచికలో ఉంది. మనకు నచ్చిన డైలాగు మనలాంటి లక్షలమందికి నచ్చుతుంది. పాచికకు నచ్చడాలు లేవు.

ఓపెన్ సోర్స్, అంటే ప్రోగ్రాము రాసిన కోడు (సోర్సు) ఎవరైనా చూసేలా తెరిచి ఉంచడం, దాని మీద మాత్రం మా ఇద్దరికీ ఇప్పటికీ పొసగదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్లో దొంగదారి బయటపడింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేంటని తవ్వితే దొరికింది. "చూశావా, అందరూ చూస్తారని ఎవరూ చూడలేదు" అంటారాయన. సోర్సు తెరిచి ఉండబట్టే ఆ మనిషి తవ్వగలిగాడంటాను నేను. రెండూ నిజమే కావచ్చు. కీపాస్‌ఎక్స్‌సీ సోర్సు తెరిచే ఉంటుంది, నా మొగ్గు అటే.

ఇంకో సదుపాయం చాలామంది భయపడి వాడరు. మన పాస్‌వర్డ్‌లు ఎక్కడైనా బయటపడ్డాయేమో హావ్ ఐ బీన్ పౌన్డ్ అనే సైటుతో సరిచూస్తుంది. "అంటే వాళ్లకి మన పాస్‌వర్డ్ పంపుతున్నట్టేగా?" అన్నాడు బావ. కాదు. పాస్‌వర్డ్ నుంచి లెక్కకట్టి తీసిన, వెనక్కి తిప్పలేని అక్షరాల వరస ఒకటుంటుంది, హ్యాష్ అంటారు. దానిలో మొదటి 5 అక్షరాలే వెళ్తాయి. ఆ ఐదుతో మొదలయ్యే జాబితా మొత్తం తిరిగొస్తుంది, పోల్చడం మన కంప్యూటర్లోనే జరుగుతుంది. బావ అది విని తన యార్డు లాగిన్లన్నీ సరిచూసుకున్నాడు. షాపు పేరు పెట్టినవి సగం ఎర్రగా వచ్చాయి. మర్నాడే మార్చాడు.

లోటుపాట్లకొస్తే, దీనికి సొంత ఫోన్ యాప్ లేదు. ఆండ్రాయిడ్‌లో కీపాస్‌డీఎక్స్ అనే వేరే యాప్‌తో అదే ఫైలు తెరవాలి. ఫైలుని కంప్యూటర్ నుంచి ఫోనుకి చేర్చే ఏర్పాటు మనమే చేసుకోవాలి. రెండుచోట్లా ఒకేసారి మార్పులు చేస్తే రెండు కాపీలు తయారవుతాయి. కలపడానికి సదుపాయం ఉంది కానీ ఆ సంగతి తెలియనివాళ్లు గాభరా పడతారు. మాస్టర్ పాస్‌వర్డ్ మర్చిపోతే అంతే సంగతులు, "ఫర్‌గాట్ పాస్‌వర్డ్" లేదు. అందుకని అది కాగితం మీద రాసి, కవరు అంటించి బీరువాలో పెట్టాను. మా ఆవిడ చేత ఒకసారి ఆ కాగితం చూసి ఫైలు తెరిపించాను కూడా. నాకేదైనా అయితే ఇన్ని షాపుల రిటర్నులు ఆగిపోకూడదు.

దీని తప్పు కానిది ఒకటి మాత్రం నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది. నేను వాడే ఒక బ్యాంకు యాప్ పాస్‌వర్డ్ గడిలో పేస్ట్ చేయనివ్వదు, పైగా కొన్ని నెలలకోసారి మార్చి తీరాలంటుంది. ఇది భద్రత పేరుతో చేసే కీడు. జనం ఏం చేస్తారు? చివరి అంకె ఒకటి పెంచుతారు. ఊరికే నెలనెలా మార్పించొద్దని, పేస్ట్ చేయనివ్వమని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది. 2003లో ఆ పాత నియమాలు రాసిన బిల్ బర్ కూడా, అవి రాసినందుకు విచారిస్తున్నానని బహిరంగంగానే అన్నారు. రాసినాయనే వద్దన్న నియమాన్ని మన బ్యాంకులు ఇంకా పట్టుకు వేలాడటం ఏం న్యాయం?

పాస్‌వర్డ్ తర్వాత రెండో తాళంగా అడిగే ఓటీపీ కోడ్లు పుట్టించే రహస్య కీని (టీఓటీపీ అంటారు) కూడా ఇందులోనే దాచుకోవచ్చు. నేను దాచను. రెండో తాళం కూడా ఈ ఫైలులోనే ఉంటే అది రెండోది ఎలా అవుతుంది? అవి ఫోనులో వేరే యాప్‌లో ఉంటాయి. ఫైలు చాలా గట్టిది కాబట్టి అంత పట్టింపు అక్కర్లేదనేవాళ్లూ ఉన్నారు. పార్టీల డబ్బు సంగతి కాబట్టి నేను ఒప్పుకోను.

ఫైలు కాపీలు, బ్యాకప్పులు చూసుకునే ఓపిక లేనివాళ్లకు ఇది వద్దనే చెబుతాను. సెల్ షాపు తమ్ముడు ఫోన్లో వచ్చే పాస్‌వర్డ్ మేనేజరే వాడుతున్నాడు, అతనికి అది చాలు. ఎక్సెల్ షీటు కంటే ఏదైనా నయమే. నాలాగా పదిమంది లాగిన్లు మోసే వృత్తిలో ఉన్నవాళ్లు మాత్రం ఇది పెట్టుకోండి. ముందు మీ ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చండి, ఎందుకంటే మిగతా సైట్ల రీసెట్ లింకులన్నీ వచ్చేది అక్కడికే. తర్వాత బ్యాంకులు, ఆ తర్వాత పార్టీల పోర్టళ్లు రోజుకు నాలుగైదు చొప్పున. నెలలో 20వ తేదీ దాటాకే మొదలుపెట్టండి, జీఎస్టీ 3బీ రిటర్నుల హడావిడిలో ఈ పని తెమలదు.