ఎం340ఐ తీసుకోవాలా, సీ43 తీసుకోవాలా?

రెండూ పెర్ఫార్మెన్స్ సెడాన్లే, రెండూ జర్మన్ బ్రాండ్లే, కానీ నడిపితే అసలు పోలికే ఉండదు. బీఎండబ్ల్యూ ఎం340ఐలో 3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, 374 పీఎస్ (దాదాపు హార్స్‌పవర్ లాంటి కొలతే) పవర్. మెర్సిడెస్ ఏఎంజీ సీ43లో 2 లీటర్ల నాలుగు సిలిండర్లే గానీ టర్బోని (ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెట్టే భాగం) పొగ గాలితో పాటు కరెంటు మోటర్‌ కూడా తిప్పే టెక్నాలజీ వల్ల 408 పీఎస్ వస్తుంది. కాగితం మీద మెర్సిడెస్సే గెలిచినట్టు కదా, కానీ టార్క్, అంటే చక్రాల్ని తిప్పే బలం, రెండింటికీ 500 న్యూటన్ మీటర్లే, 0 నుంచి 100కి బీఎండబ్ల్యూ 4.4 సెకన్లు అంటుంటే సీ43 4.6 అంటుంది.

నాకైతే ఆ ఆరు సిలిండర్ల స్మూత్‌నెస్, ఆ సౌండూ ఉంటే చాలు, మిగతావన్నీ తర్వాత. సీ43కి వెనక చక్రాలు కూడా కొంచెం తిరుగుతాయి కాబట్టి ఇరుకు సందుల్లో యూటర్న్ తేలిక, లోపల ఆ పెద్ద స్క్రీన్, లైట్లు చూస్తే పెళ్లి మండపమే అనుకోండి.

ధర దగ్గరే అసలు కథ. ఎం340ఐ చెన్నైలో అసెంబుల్ అవుతుంది, సీ43 మొత్తం ఇంపోర్టే, 2023లో లాంచ్ అయినప్పుడే ఎక్స్‌షోరూమ్ 98 లక్షలు, అప్పటి ఎం340ఐ ధరతో పోలిస్తే దాదాపు పాతిక లక్షల తేడా. అంత తేడాకి నేనైతే బీఎండబ్ల్యూనే.

టెస్ట్ డ్రైవ్‌కి హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఒక్కటే సరిపోదండీ, అక్కడ లిమిట్ ఎలాగూ 120యే, ఇంట్లోవాళ్లని వెనక కూర్చోబెట్టి మీ కాలనీ స్పీడ్ బ్రేకర్ల మీద కూడా తిప్పి చూడండి.