అమెరికాకి పచ్చళ్ల పెట్టె పంపుతున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి (విజయవాడ)

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల నుంచి పిల్లలకు పచ్చళ్లు, పొడులు కొరియర్ చేసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఏలూరు రోడ్డులోని ఒక ఇంటర్నేషనల్ కొరియర్ షాపులో మేం మోసపోయాం. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయడం లేదు.

మా చెల్లి డిసెంబరులో ఎమ్మెస్ పూర్తి చేసి డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటోంది. రెండు బెడ్రూముల ఫ్లాట్‌లో నలుగురు అమ్మాయిలు. మిగతా ముగ్గురిలో ఒకరిది గుంటూరు, ఒకరిది తెనాలి, ఇంకొకరిది వరంగల్. చదువు అయిపోయాక అక్కడ రోజులు ఎలా గడుస్తాయో ఫోన్లో వింటూనే ఉన్నాం. ఒకరు పొద్దున ఆరింటికే వెళ్లిపోతారు, ఒకరికి రాత్రి షిఫ్టు. వంట ఎవరిది, గిన్నెలు ఎవరివి అని వారానికి ఒక పట్టిక రాసి ఫ్రిజ్‌కి అంటించుకున్నారు. బుధవారం వచ్చేసరికి ఎవరికీ ఓపిక ఉండదు. కుక్కర్లో అన్నం పడేసి, పచ్చడి కలుపుకుని తిని పడుకుంటారు. గుంటూరు అమ్మాయికి ఏప్రిల్‌లో కాంట్రాక్ట్ ఉద్యోగం పోయింది. ఓపీటీలో (చదువయ్యాక అక్కడ కొంతకాలం ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే అనుమతి) ఉన్నవాళ్లు అంతా కలిపి 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఆ పిల్ల రోజులు లెక్కపెట్టుకుంటూ అప్లికేషన్లు పెడుతోంది. సరుకుల్లో ఆమె వాటా మిగతా ముగ్గురే వేసుకుంటున్నారు. మేం పెట్టె పంపింది అలాంటి ఇంటికి.

విడివిడిగా పంపితే కిలోకి ఎక్కువ పడుతుందని మూడు ఇళ్లవాళ్లం కలిసి ఒకే పెట్టె అనుకున్నాం. అమ్మ పటమట రైతుబజారులో కాయలు ఏరి, ముక్కలు కొట్టించి ఆవకాయ పెట్టింది. గుంటూరు ఆంటీ గోంగూర పచ్చడి, కందిపొడి, కారప్పొడి సంచిలో పెట్టుకుని బస్సులో వచ్చారు. నేను బస్టాండుకి వెళ్లి తీసుకొచ్చాను. అప్పటిదాకా మేం ఒకరినొకరం చూసుకోలేదు. కూతురి పుట్టినరోజుకి కుట్టించిన పట్టు జాకెట్టు కూడా ఆమె తెచ్చారు. తెనాలి వాళ్లు మినపసున్నుండలు, జంతికలు పంపారు.

షాపతను చాలా మర్యాదగా మాట్లాడాడు. "మీరేం టెన్షన్ పడకండి సార్, కిలో 720, ఏడు రోజుల్లో ఇంటికే చేరుతుంది. డ్యూటీ, కస్టమ్స్ అన్నీ ఇందులోనే" అన్నాడు. కాటా మీద పెట్టెతో సహా 20 కిలోలు తూగింది. 14,400 కట్టాను. అమ్మ మూతలకు టేపు చుట్టి, రెండేసి కవర్లు వేసి ఇచ్చిన డబ్బాలు చూసి, "డబ్బాలైతే బరువు సార్, మేం వాక్యూమ్ ప్యాకింగ్ ఫ్రీగా చేస్తాం, వదిలేసి వెళ్లండి" అన్నాడు. వదిలేసి వచ్చాను. నేను చేసిన పెద్ద తప్పు అదే.

మర్నాడు ఫోన్. పెట్టె సైజు వల్ల వాల్యూమెట్రిక్ వెయిట్ 27 కిలోలు వచ్చిందట, ఇంకో 5,040 కట్టాలట. వద్దు, పెట్టె తిరిగి ఇచ్చేయమంటే "హైదరాబాద్ వెళ్లిపోయింది సార్, కట్టకపోతే అక్కడే ఆగిపోతుంది" అన్నాడు. పచ్చళ్లు ఎండలో గోడౌన్‌లో పడి ఉంటాయన్న భయంతో కట్టేశాను. ఈ లెక్క అందరూ తెలుసుకోవాలి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, చాలా కంపెనీలు 5000తో భాగిస్తాయి. ఆ అంకె, అసలు బరువు రెండిటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటారు. ఈ పద్ధతి నిజమైనదే. మా స్లిప్పు మీద 60, 50, 45 అని రాశారు, దాని ప్రకారం 27 కరెక్టే. కానీ పెట్టె అందాక చెల్లి టేపు పెట్టి కొలిస్తే 50, 40, 40. అంటే 16 మాత్రమే. మా దగ్గర డబ్బు తీసుకున్న సైజు ఒకటి, అక్కడికి చేరిన పెట్టె సైజు ఇంకొకటి.

ట్రాకింగ్ నంబరని ఇచ్చింది వాళ్ల షాపు రసీదు నంబరు. అది ఏ వెబ్‌సైట్‌లోనూ కనిపించదు. విమానంలో తీసుకెళ్లే కంపెనీ ఇచ్చే అసలు ఎయిర్‌వే బిల్లు నంబరు తొమ్మిదో రోజున, నేను షాపులో గంటసేపు కూర్చుంటే ఇచ్చారు. అందులో పంపినవాళ్ల పేరు మాది కాదు. లోపల ఉన్న వస్తువులు కాటన్ దుస్తులు, పుస్తకాలు అని ఉంది! అక్కడ కస్టమ్స్‌లో ఆగింది. చెల్లికి 64 డాలర్లు కట్టమని మెసేజ్ వచ్చింది. షాపతన్ని అడిగితే బిల్లు వెనకాల చిన్న అక్షరాలు చూపించాడు.

పెట్టె 33వ రోజున చేరింది. చెల్లి ఇంట్లో ఉన్న కాటా మీద పెడితే 14.6 కిలోలు. సున్నుండలు లేవు, అమ్మ ఆవకాయలో సగం లేదు. వాక్యూమ్ ప్యాకింగ్ అన్నది పల్చటి కవర్లకు రబ్బరు బ్యాండ్లు. గోంగూర కవరు పగిలి నూనె జాకెట్టు మీదికి, పెట్టె అడుగు తడిసి హాల్లో కార్పెట్ మీదికి కారింది. రాత్రి పదకొండింటికి ముగ్గురూ మోకాళ్ల మీద కూర్చుని తుడిచారు, మరక పోలేదు. అపార్ట్‌మెంట్ వాళ్లు డిపాజిట్‌లో 380 డాలర్లు పట్టుకుంటామన్నారు. వరంగల్ అమ్మాయి తన వాటా ఇవ్వనంది. పెట్టెలో తనవేమీ లేవు, ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. ఉద్యోగం లేని పిల్లని అడగలేక చెల్లి, తెనాలి అమ్మాయి చెరిసగం వేసుకోవడానికి ఒప్పుకున్నారు. నాలుగు రోజులు ఆ ఇంట్లో ఎవరి గదిలో వాళ్లు తిన్నారు. ఆ మాట చెల్లి చెప్పినప్పుడు, పోయిన డబ్బు కన్నా అదే ఎక్కువ బాధ అనిపించింది నాకు. గుంటూరు ఆంటీ అయితే జాకెట్టు గురించి ఒక్క మాటా అనలేదు. "పిల్ల కడుపునిండా తింటుందనుకున్నాను బాబూ" అన్నారంతే.

మీరు పంపేటప్పుడు ప్యాకింగ్ మీ కళ్ల ముందే చేయించండి, టేపు వేసేదాకా వీడియో తీయండి. పెట్టె మీరే కొలిచి, సైజూ బరువూ బిల్లు మీద రాయించుకోండి. విమానంలో తీసుకెళ్లే కంపెనీ ఎయిర్‌వే బిల్లు నంబరు ఎప్పుడిస్తారో అడగండి, అందులో మీ పేరు, అసలు వస్తువులే ఉండాలి. తిండి అని రాస్తే ఆగిపోతుందని భయపెడతారు, నమ్మకండి. ఇంట్లో చేసినవాళ్లే వ్యక్తిగత బహుమతిగా పంపే తిండికి అమెరికా ఎఫ్‌డీఏకి (అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ) ముందస్తు నోటీసు అక్కర్లేదు, షాపులో కొన్నవాటికి కావాలి. చికెన్, మటన్ పచ్చళ్లు మాత్రం పెట్టకండి, వాటివల్ల పెట్టె మొత్తం ఆగిపోవచ్చు. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు సుంకం ఉండదన్న పాత మాట కూడా ఇప్పుడు పనికిరాదు, ఆ మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి ఆపేసింది. డ్యూటీ ఎవరు కట్టాలో బిల్లు ముందువైపునే రాయించుకోండి.

నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. షాపు వాళ్లు 5,040 తిరిగి ఇస్తామన్నారు, అది కూడా ఇంకా రాలేదు. అందుకే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాను. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, కేసు వేయడానికి గడువు రెండేళ్లు. బిల్లు, స్లిప్పు, చెల్లి తీసిన ఫొటోలు అన్నీ జతచేశాను. ఏలూరు రోడ్డులో మీకూ ఇలాగే కొలతలు మార్చి డబ్బు తీసుకుని ఉంటే, మీ స్లిప్పు మీద సైజు, పెట్టె అందాక కొలిచిన సైజు రెండూ ఇక్కడ రాయండి.