పాత హాట్ టబ్ మార్చేటప్పుడు: 120 వోల్టులా, 240 వోల్టులా?

అమెరికాలో హాట్ టబ్ (వేడినీళ్లలో కూర్చునే పెద్ద తొట్టి) మార్చేవాళ్లు రంగు, సీట్ల కంటే ముందు వైరింగ్ సంగతి చూసుకోవాలి.

ఖర్చు: 120కి విడిగా ఒక 15 లేదా 20 ఆంప్స్ సర్క్యూట్ చాలు. 240కి సాధారణంగా 50 ఆంప్స్ జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే) బ్రేకర్, మందపాటి రాగి తీగలు, పర్మిట్, ఎలక్ట్రీషియన్ కూలి.

వేడి: 1,200 లీటర్ల నీళ్లు 1.5 కిలోవాట్ హీటర్‌తో గంటకు ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే గొప్ప. 5.5 కిలోవాట్లతో దాదాపు నాలుగు.

రిస్క్: పాత 240 లైను ఉంది కదా అని ధీమా వద్దు. కొన్ని పాతవాటికి న్యూట్రల్ లేకుండా మూడు తీగలే ఉంటాయి, కొత్త టబ్‌లు చాలావరకు నాలుగు అడుగుతాయి. కరెంటు ఆపే స్విచ్ కళ్లకు కనిపించేచోట, నీటికి కనీసం 5 అడుగుల అవతల ఉండాలి. 120లోనూ ఎక్స్‌టెన్షన్ బాక్స్ వాడకండి!

అద్దె ఇల్లయితే 120. మిన్నెసోటా చలిలో సొంతింటికి మాత్రం 240.