ఉద్యోగం, రాజకీయం, ఇంటర్నెట్: సొంత పేరా, మారుపేరా, ఏది మేలు?

ఉద్యోగం గురించో రాజకీయాల గురించో మనసులో మాటను ఇంటర్నెట్‌లో రాయాలనుకునేవారికి మూడు దారులున్నాయి: సొంత పేరుతో రాయడం, మారుపేరుతో రాయడం, నమ్మకమైన కొద్దిమందికే కనిపించేలా రాయడం. మూడోదాని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఆ కొద్దిమందిలో ఒక్కరు స్క్రీన్‌షాట్ తీసి పంపితే చాలు, మాట పదిమంది నోళ్లలో పడుతుంది. కాబట్టి తేల్చుకోవలసింది మొదటి రెండింటి మధ్యనే.

పేరు దాచుకుని రాయడం పిరికితనమని తేలిగ్గా తీసిపారేసేవారితో నేను ఏకీభవించలేను. అమెరికా రాజ్యాంగాన్ని ఆమోదించాలని వాదిస్తూ 1787-88లో ఆ దేశ నాయకులు హామిల్టన్, మాడిసన్, జాన్ జే రాసిన 85 వ్యాసాలూ 'పబ్లియస్' అన్న మారుపేరుతోనే వెలువడ్డాయి. పాఠశాల పన్ను ప్రతిపాదనకు వ్యతిరేకంగా పేరు వేయని కరపత్రాలు పంచిన ఒక మహిళకు విధించిన జరిమానా చెల్లదని 1995లో అదే దేశపు సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. పేరు చెప్పకుండా మాట్లాడటం కూడా వాక్ స్వాతంత్ర్యంలో భాగమేనని స్పష్టం చేసింది.

పేరు చెప్పించితే జనం మర్యాదగా మాట్లాడతారన్న నమ్మకాన్ని దక్షిణ కొరియా చట్టంగానే అమలు చేసి చూసింది. 2007 నుంచి పెద్ద వెబ్‌సైట్లలో వ్యాఖ్య రాయాలంటే ముందుగా గుర్తింపు నిరూపించుకోవాలన్నారు. 2011లో ఒక్క దాడిలోనే సుమారు మూడున్నర కోట్ల మంది వివరాలు హ్యాకర్ల చేతికి చిక్కాయి. ఆ నిబంధన వల్ల చట్టవిరుద్ధమైన రాతలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదంటూ 2012లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని ఏకగ్రీవంగా కొట్టివేసింది. అందువల్ల, రాజకీయాల విషయంలో, రాసిన మాట బతుకుతెరువుకే ముప్పు తెచ్చే స్థితిలో ఉన్నవారికి మారుపేరే మేలని నా అభిప్రాయం. అటువంటి ముప్పు లేనివారు పేరుతో రాస్తేనే మాటకు బరువు వస్తుంది. ఎదుటివారూ ఒక మనిషితో వాదిస్తున్నామని గుర్తుంచుకుంటారు.

ఉద్యోగం సంగతి వేరు. అక్కడ మారుపేరు పేరును దాస్తుందే గానీ మనిషిని దాచలేదు. ఇది నేను అనుభవం మీద తెలుసుకున్నాను. ఒకప్పుడు పనిచేసిన చోట ఓవర్‌టైమ్ లెక్కలు సరిగ్గా కట్టడం లేదని మారుపేరుతో రాశాను. సంస్థ పేరు లేదు, ఊరు లేదు, నా హోదా లేదు. కానీ 'నెలాఖరు శుక్రవారం సాయంత్రం ఆరు దాటాక తెరిచే ఎక్సెల్ షీటు' అన్న ముక్క ఒకటి రాశాను. ఆ షీటు తెరిచేది మొత్తం నలుగురమే. మర్నాడు మధ్యాహ్నం పక్క సీటు సహోద్యోగి ఫోన్ నా ముందు పెట్టి, "ఇది మీరు రాసిందే కదండీ?" అని మెల్లగా అడిగారు. ఆ తర్వాత నాలుగు వారాల పాటు కార్యాలయంలో చర్చ అంతా ఎవరు రాశారన్నదాని మీదే నడిచింది. ఓవర్‌టైమ్ మాట ఎత్తినవారే లేరు. వివరం లేకపోతే నమ్మరు, వివరం ఉంటే పట్టేస్తారు. ఉద్యోగం గురించి మారుపేరుతో రాసేవారి చిక్కంతా ఇదే.

అలాగని సొంత పేరు కవచమూ కాదు. వాక్ స్వాతంత్ర్యం ప్రధానంగా ప్రభుత్వం నుంచి రక్షణ. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన రాతలను నేరంగా చూసిన ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను భారత సుప్రీంకోర్టు 2015లో కొట్టివేసినప్పుడు తొలగింది ఆ సెక్షన్ కింద పోలీసు కేసు భయమే. ప్రైవేటు యజమాని ఇచ్చే నోటీసుకు ఆ తీర్పు అడ్డు కాదు. ప్రభుత్వోద్యోగుల విషయంలో అమెరికా కోర్టులు గీసిన గీత ఆలోచించదగినది. పాఠశాల నిధుల ఖర్చును విమర్శిస్తూ పత్రికకు సొంత పేరుతో లేఖ రాసి ఉద్యోగం పోగొట్టుకున్న పికరింగ్ అనే ఉపాధ్యాయుడి పక్షాన 1968లో అక్కడి సుప్రీంకోర్టు నిలిచింది. బదిలీ తదితర కార్యాలయ విషయాలపై తోటివారికి ప్రశ్నావళి పంచిన ఒక మహిళా ప్రభుత్వ న్యాయవాది తొలగింపును మాత్రం 1983లో సమర్థించింది, ఎందుకంటే అందులో అత్యధిక భాగం సొంత ఫిర్యాదేనని భావించింది. ఆ రెండో తీర్పు నాకు కఠినంగానే తోస్తుంది. బదిలీలు న్యాయంగా జరుగుతున్నాయా అన్నది ఆమె ఒక్కరి బాధ కాదు గదా. అయినా పదిమందికీ సంబంధించిన మాటకూ, తన ఒక్కరి గోడుకూ తేడా చూడమన్న సూత్రం ఉద్యోగం గురించి రాసే ఎవరికైనా పనికివస్తుంది.

కనుక పని గంటలు, జీతాలు, వివక్ష వంటి అందరి విషయాలను పేరు పెట్టి, సంస్థ గుట్టు విప్పకుండా రాయడం మేలు. సొంత ఫిర్యాదును దాన్ని సరిదిద్దగలిగినవారికి నేరుగా రాతపూర్వకంగా ఇవ్వడం అంతకంటే మేలు. నేను రెండోసారి అదే ఓవర్‌టైమ్ లెక్కను తేదీలతో, గంటలతో, కింద సంతకంతో రాసి ఇచ్చినప్పుడు, సమావేశంలో బల్ల మీదికి వచ్చింది నా పేరు కాదు, ఆ ఎక్సెల్ షీటే.