న్యూరెంబర్గ్ బయోఫాక్: చిన్న ఆర్గానిక్ వ్యాపారికి గిట్టుబాటేనా?

జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో ఏటా ఫిబ్రవరిలో జరిగే ఆర్గానిక్ ఉత్పత్తుల అంతర్జాతీయ ఎగ్జిబిషన్ బయోఫాక్‌కి వెళ్లొచ్చినప్పటి నుంచి అందరూ నన్నడిగేది ఒకటే ప్రశ్న: పసుపు, మిరియాలు, చిరుధాన్యాలు అమ్ముకునే చిన్నవాళ్లకి అంత ఖర్చు దండగ కాదా అని. కాదనే నా మాట, కాకపోతే మొదటిసారి స్టాల్ జోలికి పోకుండా విజిటర్‌గా వెళ్లి చూడండి.

ముందు బస సంగతి. షో జరిగే నాలుగు రోజులూ ఊళ్లో హోటల్ రేట్లు మండిపోతాయి. నేను పక్కనున్న ఫ్యూర్త్‌లో దిగాను, గది ఇరుకే గానీ యూ1 మెట్రో ఎక్కితే రైళ్లు మారే పని లేకుండా నేరుగా మెస్సె స్టేషన్‌లో, అంటే ఎగ్జిబిషన్ గుమ్మం ముందే దింపుతుంది. వీసా ఎప్పుడొస్తుందో తెలీదు కాబట్టి క్యాన్సిల్ చేసుకోగలిగే రూమే బుక్ చేసుకోండి, లేకపోతే అదొక టెన్షన్. ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం దిగి రైల్లో వెళ్లాను, రెండు గంటలు దాటింది, హాయిగానే ఉంది.

ఇక అసలు విషయం. అక్కడ సామాన్య జనాన్ని రానివ్వరు, అంతా ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లే. దిగుమతిదారు, సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ, ల్యాబ్ వాళ్లు, ప్యాకింగ్ వాళ్లు అందరూ ఒకే ప్రాంగణంలో ఉంటారు కాబట్టి నెలల తరబడి మెయిల్స్‌లో తేలని సందేహం ఒక్క పూటలో తేలిపోతుంది. నేను మాట్లాడిన కొనుగోలుదార్లలో ఎవరూ ముందు ధర అడగలేదు, పురుగుమందుల అవశేషాల రిపోర్ట్ అడిగారు. జర్మన్ ఆర్గానిక్ వర్తకుల సంఘం బీఎన్ఎన్ వాడే గీటురాయి కిలోకి 0.01 మిల్లీగ్రాములు, అది దాటితే వివరణలు మొదలు. 2020లో మన నువ్వుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ (క్రిముల్ని చంపడానికి వాడే వాయువు) బయటపడ్డ గొడవ వాళ్లింకా మర్చిపోలేదు. రైతుల గ్రూపు పేరుతో సర్టిఫికెట్ ఉంటే ఇంకో ప్రశ్న కూడా వస్తుంది: యూరోపియన్ యూనియన్ (ఈయూ) కొత్త నిబంధన 2018/848 ప్రకారం గ్రూపుకి సొంత చట్టబద్ధ హోదా ఉండాలి, సభ్యులు 2,000 దాటకూడదు. ఇవన్నీ ఇంట్లో కూర్చుని చదవొచ్చు, నిజమే, కానీ కొనేవాడు దేని దగ్గర ఆగి మళ్లీ అడుగుతాడో ఎదురుగా కూర్చుంటేనే తెలుస్తుంది.

వ్యవసాయ ఎగుమతుల్ని ప్రోత్సహించే మన ప్రభుత్వ సంస్థ అపెడా పెట్టే భారత పెవిలియన్‌లో చోటు దొరికితే చిన్నవాళ్లకి భారం తగ్గుతుంది. ఇబ్బందల్లా పసుపు పక్కన పసుపే ఉండటం. మన పక్కవాడి దగ్గర లేనిది ఏదో ఒకటి చూపించాలి, కనీసం లాట్ నంబర్‌తో సహా రిపోర్టులైనా. జర్మనీ కుర్ర కంపెనీలకైతే వాళ్ల ప్రభుత్వమే సబ్సిడీతో ప్రత్యేక పెవిలియన్ పెడుతుంది, చూస్తే కుళ్లు పుట్టింది. కొత్త ఉత్పత్తుల్ని ఒకచోట పేర్చి సందర్శకులతో ఓట్లు వేయించే స్టాండ్ ఇంకొకటి ఉంది, దాని ముందు నిలబడి జనం దేన్ని చేతిలోకి తీసుకుంటున్నారో గమనించడం నాకైతే సెమినార్ల కన్నా బాగా పనికొచ్చింది.

తిండికి లోటు లేదు, శాంపిల్స్‌తోనే కడుపు నిండుతుంది. మీరు మాత్రం నెయ్యి శాంపిల్ బ్యాగులో పెట్టుకుని బయల్దేరకండి, బయటి దేశాల ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం తేవడం ఈయూలో నిషేధం.

మీటింగులన్నీ మొదటి మూడు రోజుల్లోనే పెట్టుకోండి. చివరి రోజు మధ్యాహ్నానికే చాలామంది సర్దేస్తుంటారు, ఆ పూట పాతబస్తీ, కోట చూడటానికి వాడుకోవచ్చు. ఆదివారం కూడా ఉంటే షాపింగ్ శనివారమే కానిచ్చేయండి, ఆదివారం దుకాణాలు మూసేస్తారు.