రచన తరగతిలో తొలి పరిచయం: వీడియోతోనా, వ్యాసంతోనా?

విజయవాడలో రచన తరగతిలో చేరినవారు పేరు, ఊరు చెప్పాక అంతర్జాలంలో తమకు గుర్తుండిపోయినదొకటి వివరించవలసి వస్తే, వీడియోను ఎంచుకోవాలా, వ్యాసాన్నా?

శ్రమ: 2005 ఏప్రిల్ 23న యూట్యూబ్‌లో చేరిన మొదటి వీడియో నిడివి 19 సెకన్లే, ఏనుగుల ముందు నిలబడిన యువకుడు వాటి తొండాలు చాలా పొడవని చెప్పడం తప్ప అందులో పెద్దగా ఏమీ లేదు కనుక రెండు వాక్యాల్లో వర్ణించవచ్చు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలోని ప్రకాశం బ్యారేజీ వ్యాసాన్నయితే ముందుగా మళ్లీ చదువుకోవాలి.

ఖర్చు: రెండింటికీ లేనట్టే.

ప్రమాదం: వీడియో నవ్విస్తుంది గాని మీరెవరో చెప్పదు, వ్యాసం ఉపన్యాసంగా సాగిపోవచ్చు (నాకు ఈ భయమే ఎక్కువ).

తరగతిలో ముప్ఫై మంది ఉండి నిమిషమే దొరికితే వీడియో మేలు. పదిమందే ఉంటే, ముఖ్యంగా తాడేపల్లి నుంచి రోజూ ఆ బ్యారేజీ మీదుగానే వచ్చేవారికి, వ్యాసమే తగినది.